స్ప్రెడ్‌షీట్‌లోని లెక్కలను అకౌంటింగ్ సాఫ్ట్‌వేర్‌లోకి దిగుమతి చేసుకోవడం ఎలా?

స్ప్రెడ్‌షీట్‌లో రాసుకుంటున్న లెక్కలను అకౌంటింగ్ సాఫ్ట్‌వేర్‌లోకి మార్చాలనుకున్నవారు సాధారణంగా మొదట వెతికేది ‘ఇంపోర్ట్’ అనే బటన్ ఎక్కడుందా అని. ఆ బటన్ నొక్కడానికి పట్టే సమయం అతి తక్కువ. అంతకుముందు ఫైలును సిద్ధం చేయడానికి, ఆ తర్వాత లోపలికి చేరిన లెక్కను సరిచూసుకోవడానికే శ్రమంతా పడుతుంది. సాఫ్ట్‌వేర్ తిరస్కరించిన వరుసల గురించి పెద్దగా బెంగపడనక్కరలేదు, ఎందుకంటే తప్పు ఎక్కడుందో అదే చెబుతుంది. అది మారుమాట లేకుండా స్వీకరించిన తప్పులే చిక్కు తెచ్చిపెడతాయి. ఒక తేదీ తారుమారైనా, ఒకే బాకీ రెండుసార్లు నమోదైనా, మొత్తం డెబిట్లు, మొత్తం క్రెడిట్లు సమానంగానే ఉంటాయి కాబట్టి తెరపై ఏ హెచ్చరికా కనిపించదు. కింది దశలలో ఎక్కువ భాగం ఈ రెండో రకం తప్పులను ముందే పట్టుకోవడానికి ఉద్దేశించినవి. టాలీప్రైమ్, క్విక్‌బుక్స్, జోహో బుక్స్, గ్నూక్యాష్ వంటి సాఫ్ట్‌వేర్లలో మెనూల పేర్లు వేరుగా ఉన్నా పని జరిగే వరస దాదాపు ఒకటే.

మొదటి దశ: ఏ తేదీ నుంచి, ఏమేమి?

కొత్త సాఫ్ట్‌వేర్‌లో లెక్కలు ఏ తేదీ నుంచి మొదలవ్వాలో ముందుగా నిర్ణయించుకోండి. ఆర్థిక సంవత్సరపు మొదటి రోజును ఎంచుకోవడం అన్నిటికంటే సులువు, ఎందుకంటే ఆ రోజున ఆదాయ, వ్యయ ఖాతాలన్నీ సున్నాతో మొదలవుతాయి. ఆస్తులు, అప్పులు, మూలధనం ఖాతాల నిల్వలను మాత్రమే తీసుకురావలసి ఉంటుంది. సంవత్సరం మధ్యలో మొదలుపెడితే, అప్పటివరకు జరిగిన ఆదాయ వ్యయాల మొత్తాలను కూడా ప్రారంభ నిల్వలుగా ఇవ్వాలి, లేకపోతే సంవత్సరాంతంలో లాభనష్టాల లెక్క సగమే వస్తుంది. గత సంవత్సరాల లావాదేవీలన్నిటినీ కొత్త సాఫ్ట్‌వేర్‌లోకి ఎక్కించాలన్న కోరిక చాలామందికి కలుగుతుంది. కొత్తగా నేర్చుకుంటున్నవారు ఆ పనికి పూనుకోకపోవడమే మంచిది: పాత స్ప్రెడ్‌షీట్‌ను భద్రపరచుకుంటే ఆ వివరాలు ఎప్పుడైనా చూసుకోవచ్చు.

ఎక్కించే వరస కూడా ముఖ్యమే. ఖాతాల జాబితా మొదట, ఆ తర్వాత కొనుగోలుదారులు, సరఫరాదారుల వివరాలు, సరుకులుంటే వాటి జాబితా, ఆపైన ప్రారంభ నిల్వలు, చివరగా రోజువారీ వోచర్లు, అంటే ఒక్కో లావాదేవీకి రాసే పద్దులు. ప్రతి వోచరూ ఏదో ఒక ఖాతా పేరునో పార్టీ పేరునో ప్రస్తావిస్తుంది కాబట్టి, ఆ పేరు అప్పటికే సాఫ్ట్‌వేర్‌లో ఉండాలి.

రెండో దశ: సరిచూపు అంకెలు రాసిపెట్టుకోవడం

ఫైలును ముట్టుకోకముందే దాని నకలు ఒకటి తీసి, అసలును పక్కన పెట్టి, ఇకపై పనంతా నకలు మీదే చేయండి. ఆపైన ఒక ఖాళీ షీట్‌లో కొన్ని అంకెలు రాసిపెట్టుకోండి: మొత్తం వరుసలు ఎన్ని, వోచర్లు ఎన్ని, డెబిట్ నిలువు వరుస మొత్తం ఎంత, క్రెడిట్ మొత్తం ఎంత, అన్నిటికంటే పాత తేదీ ఏది, చివరి తేదీ ఏది, ప్రతి బ్యాంకు ఖాతాలోనూ ముగింపు నిల్వ ఎంత, కొనుగోలుదారుల నుంచి రావలసినది మొత్తం ఎంత, సరఫరాదారులకు ఇవ్వవలసినది మొత్తం ఎంత. దిగుమతి పూర్తయ్యాక మీ చేతిలో ఉండే కొలమానం ఇదొక్కటే. ముందుగా రాసుకోనివారు చివరికి సాఫ్ట్‌వేర్ చూపిన అంకెనే సరైనదిగా నమ్మవలసి వస్తుంది.

మూడో దశ: నమూనా ఫైలు, తర్వాత శుభ్రపరచడం

సాఫ్ట్‌వేర్‌లో దిగుమతి పేజీ తెరిచి, అది ఇచ్చే నమూనా ఫైలును దించుకోండి. అందులోని శీర్షికలను ఒక్క అక్షరం కూడా మార్చకుండా, వాటి కిందికి మీ సమాచారాన్ని చేర్చండి. మీ ఫైలునే నమూనాలా మార్చడానికి ప్రయత్నించడం కంటే ఇది తేలిక. ఏ నిలువు వరుసలు తప్పనిసరో నమూనాలో గుర్తు పెట్టి ఉంటుంది, లేదా సహాయ పేజీలో రాసి ఉంటుంది.

మనుషులు చదువుకోవడానికి అందంగా తయారుచేసిన పట్టిక యంత్రానికి అడ్డంకి. పైన ఉన్న సంస్థ పేరు, శీర్షిక వరుసలు, విలీనం చేసిన గడులు, మధ్యలో విడిచిన ఖాళీ వరుసలు, నెల చివర వేసిన మొత్తాల వరుసలు, ఇవన్నీ తీసేయాలి. ముఖ్యంగా మొత్తాల వరుస మిగిలిపోతే సాఫ్ట్‌వేర్ దానిని కూడా ఒక లావాదేవీగానే భావిస్తుంది. ఫిల్టర్ పెట్టి దాచిన వరుసల సంగతి మరచిపోకండి: సీఎస్‌వీగా, అంటే గడులను కామాలతో విడదీసిన వట్టి పాఠ్యపు ఫైలుగా భద్రపరిచినప్పుడు కంటికి కనబడని వరుసలు కూడా ఫైలులోకి వెళ్లిపోతాయి. ఫార్ములాలతో వచ్చిన అంకెలను కాపీ చేసి, ‘పేస్ట్ స్పెషల్’లో ‘వాల్యూస్’ ఎంచుకుని, వట్టి విలువలుగా మార్చుకోండి.

ఒక వోచర్‌లో నాలుగు పంక్తులుంటే, చాలామంది తేదీని, వోచర్ సంఖ్యను మొదటి పంక్తిలో మాత్రమే రాసి, మిగిలినవి ఖాళీగా వదిలేస్తారు. సాఫ్ట్‌వేర్ మాత్రం ఒకే సంఖ్య ఉన్న పంక్తులనే ఒక వోచర్‌గా కలుపుతుంది కాబట్టి, ప్రతి పంక్తిలోనూ ఆ రెండూ ఉండాలి. వందల ఖాళీలను చేత్తో నింపనక్కరలేదు. ఎక్సెల్‌లో ఆ నిలువు వరుసను ఎంచుకుని, ఎఫ్5 నొక్కి, ‘స్పెషల్’లో ‘బ్లాంక్స్’ ఎంచుకుంటే ఖాళీ గడులన్నీ ఎంపికవుతాయి. అప్పుడు సమానం గుర్తు టైపు చేసి, పై బాణం మీటను ఒకసారి నొక్కి, కంట్రోల్, ఎంటర్ కలిపి నొక్కితే ప్రతి ఖాళీలోనూ దాని పై గడిలోని విలువే వచ్చి చేరుతుంది. ఆ తర్వాత వాటిని కూడా విలువలుగా మార్చండి.

నాలుగో దశ: తేదీలు

ఈ పని మొత్తంలో నిశ్శబ్దంగా జరిగే తప్పులలో తేదీలదే పెద్ద వాటా. 03/04/2024 అని రాసినప్పుడు, రోజును ముందు రాసే పద్ధతిలో అది ఏప్రిల్ 3. నెలను ముందు రాసే పద్ధతిలో మార్చి 4. మీ ఫైలు ఒక పద్ధతిలో, కంప్యూటర్ ప్రాంతీయ అమరిక మరొక పద్ధతిలో ఉంటే, ప్రతి నెలలోనూ 1 నుంచి 12 వరకు ఉన్న తేదీలు చడీచప్పుడు లేకుండా తారుమారవుతాయి. 13, ఆ తర్వాతివి మాత్రం పదమూడో నెల లేదు కాబట్టి తేదీలుగా మారక, వట్టి పాఠ్యంగా మిగిలిపోతాయి. అందుకే ఒకే నిలువు వరుసలో కొన్ని తేదీలు గడికి కుడి అంచున, మరికొన్ని ఎడమ అంచున కనిపిస్తే, ఎడమ అంచున ఉన్నవాటిని మాత్రమే సరిచేసి ఊరుకోకండి. కుడి అంచున బుద్ధిగా కూర్చున్నవి కూడా అప్పటికే తప్పయి ఉండవచ్చు.

దీనికి సరైన మందు మూలం వద్దకే తిరిగి వెళ్లడం. అసలు ఫైలును మళ్లీ తెరిచి, ‘డేటా’ మెనూలోని ‘టెక్స్ట్ టు కాలమ్స్’ సాయంతో, లేదా ఫైలు సీఎస్‌వీ అయితే ‘ఫ్రమ్ టెక్స్ట్’ ద్వారా తెచ్చుకుంటూ, రోజు, నెల, సంవత్సరం ఏ వరసలో ఉన్నాయో మీరే చెప్పండి. ఆపైన ఆ నిలువు వరుసకు 2024-04-03 రూపాన్ని ఇవ్వండి. సంవత్సరం, నెల, రోజు వరసలో రాసే ఈ పద్ధతి ఐఎస్‌ఓ 8601 ప్రమాణంలోనిది, ఇందులో రెండో అర్థానికి తావు లేదు. సాఫ్ట్‌వేర్ వేరే రూపాన్ని కోరితే అదే ఇవ్వాలి, కానీ దిగుమతి పేజీలో ఆ రూపాన్ని స్పష్టంగా ఎంచుకోండి. చివరగా అతి చిన్న తేదీని, అతి పెద్ద తేదీని ‘మిన్’, ‘మ్యాక్స్’ ఫంక్షన్లతో తీసి, రాసిపెట్టుకున్న వాటితో పోల్చండి. ఇంకా జరగని నెలల తేదీలు కనిపించాయంటే తారుమారు జరిగిందనే అర్థం.

తేదీలన్నీ సరిగ్గా నాలుగేళ్ల ఒక రోజు తేడాతో కనిపిస్తే కంగారుపడకండి. ఎక్సెల్ తేదీలను వరుస సంఖ్యలుగా దాచుకుంటుంది. ఆ లెక్కింపు కొన్ని ఫైళ్లలో 1900 నుంచి, పాత మ్యాక్ ఫైళ్లలో 1904 నుంచి మొదలవుతుంది. రెండింటి మధ్య తేడా 1,462 రోజులు; ఆ సంఖ్యను కలిపితేనో తీసివేస్తేనో సరిపోతుంది.

ఐదో దశ: మొత్తాలు

డబ్బు మొత్తం ఉన్న గడిలో అంకెలు, దశాంశ బిందువు, అవసరమైన చోట మైనస్ గుర్తు తప్ప మరేమీ ఉండకూడదు. కరెన్సీ గుర్తులు, వేలను విడదీసే కామాలు, అంకె చివర చేత్తో టైపు చేసిన ‘డెబిట్’, ‘క్రెడిట్’ వంటి గుర్తులు తీసేయండి. సున్నా కంటే తక్కువైన మొత్తాన్ని బ్రాకెట్లలో రాసే అలవాటుంటే, దానికి బదులు ముందు మైనస్ గుర్తు పెట్టండి. అంకె నిజంగా అంకేనా కాదా అన్న సందేహం వస్తే ‘ఈజ్‌నంబర్’ ఫంక్షన్ తేల్చిచెబుతుంది; పాఠ్యంగా ఉన్న అంకెను ‘సమ్’ లెక్కలోకి తీసుకోదు, ఫిర్యాదూ చేయదు.

గడిలో కనిపించే అంకె, గడి లోపల ఉన్న అంకె ఒకటి కాకపోవచ్చు. 100ను మూడు ఖాతాలకు సమానంగా పంచితే ప్రతి గడిలోనూ 33.33 అని కనిపిస్తుంది. లోపల మాత్రం 33.3333 అలా సాగుతూ ఉంటుంది కాబట్టి మొత్తం 100 అనే వస్తుంది. ఎక్సెల్ సీఎస్‌వీలోకి పంపేది గడిలో కనిపించే రూపాన్ని. అక్కడ మూడు 33.33లు కలిస్తే 99.99 మాత్రమే అవుతుంది, వోచర్ 0.01 తేడాతో తిరస్కరణకు గురవుతుంది. ఇలాంటి గడులన్నిటినీ ‘రౌండ్’ ఫంక్షన్‌తో రెండు దశాంశాలకు కుదించి, మిగిలిన తేడాను చివరి పంక్తిలో సర్దండి. ఆ తర్వాత ‘సమ్‌ఇఫ్’తో ప్రతి వోచర్ సంఖ్యకూ డెబిట్ మొత్తం, క్రెడిట్ మొత్తం విడివిడిగా తీసి, రెండూ సమానం కాని వోచర్లు ఏవైనా ఉన్నాయేమో చూడండి. ఫైలు మొత్తం మీద సమానం కావడం సరిపోదు. ప్రతి వోచరూ విడిగా సమానం కావాలి.

పన్ను విషయంలో ఒక ప్రశ్న వేసుకోండి: మీ నిలువు వరుసలోని మొత్తంలో పన్ను కలిసి ఉందా, విడిగా ఉందా? పన్ను కలిసిన మొత్తాన్ని పన్ను లేని మొత్తమని చెప్పి ఇస్తే, సాఫ్ట్‌వేర్ దానిపై మళ్లీ పన్ను వేస్తుంది. బిల్లు సక్రమంగానే కనిపిస్తుంది, అంకె మాత్రం పెరిగిపోతుంది.

ఆరో దశ: సంకేత సంఖ్యలు, పేర్లు

ఖాతా సంఖ్యలు, బిల్లు సంఖ్యలు, ఫోన్ సంఖ్యలు కూడికలు తీసివేతలకు పనికొచ్చేవి కావు కాబట్టి వాటిని పాఠ్యంగానే ఉంచాలి. అంకెలుగా భావిస్తే ఎక్సెల్ 00457ను 457గా మార్చేస్తుంది. 15 అంకెలకు మించిన సంఖ్యలో పదహారో అంకె నుంచి అన్నిటినీ సున్నాలు చేస్తుంది, అలా పోయిన అంకెలు మళ్లీ రావు. నిలువు వరుసకు ‘టెక్స్ట్’ రూపం ఇవ్వవలసింది సమాచారం నింపకముందే. నష్టం జరిగాక రూపం మార్చినా ప్రయోజనం ఉండదు.

ఒకే కొనుగోలుదారు పేరు మూడు విధాలుగా రాసి ఉంటే, సాఫ్ట్‌వేర్ దృష్టిలో వారు ముగ్గురు. పేరు చివర కంటికి కనిపించని ఒక ఖాళీ ఉన్నా సరే, అది వేరే పేరే. ‘ట్రిమ్’ ఫంక్షన్ అదనపు ఖాళీలను, ‘క్లీన్’ ఫంక్షన్ గడి లోపలి పంక్తి విరుపులను తొలగిస్తాయి. వెబ్ పేజీల నుంచి కాపీ చేసిన పేర్లలో సంకేత సంఖ్య 160 ఉన్న మరో రకం ఖాళీ ఉంటుంది. అది ‘ట్రిమ్’కు లొంగదు, ‘సబ్‌స్టిట్యూట్’తో దానిని మామూలు ఖాళీగా మార్చాలి. ఇన్ని చేశాక ఒక పివట్ టేబుల్ వేసి, పేర్లను అక్షర క్రమంలో పెట్టుకుని ఒకసారి ఓపికగా చదవండి. అక్షర దోషాలను మనిషి కన్ను పట్టుకున్నంత బాగా ఏ ఫంక్షనూ పట్టుకోదు.

‘లేని ఖాతాలను కొత్తగా సృష్టించు’ అనే ఎంపిక దిగుమతి పేజీలో ఉంటే, వోచర్లు ఎక్కించేటప్పుడు దానిని ఆపివేయండి. అప్పుడు తప్పుగా రాసిన పేరున్న వరుస తిరస్కరణకు గురవుతుంది, మీకు కావలసింది అదే.

ఏడో దశ: ప్రారంభ నిల్వలు

కొత్తవారు ఎక్కువగా తడబడేది ఇక్కడే. ప్రారంభ తేదీకి ముందురోజు ముగింపు ట్రయల్ బ్యాలెన్స్‌ను, అంటే అన్ని ఖాతాల నిల్వలనూ చూపే పట్టికను (అంకణాను) తీసుకుని, ప్రతి ఖాతా నిల్వనూ డెబిట్‌లోనో క్రెడిట్‌లోనో చూపడం దీని సారాంశం. ఆస్తులు డెబిట్‌లో, అప్పులు, మూలధనం క్రెడిట్‌లో ఉంటాయి. ఓవర్‌డ్రాఫ్ట్‌లో ఉన్న బ్యాంకు ఖాతా, అడ్వాన్సు ఇచ్చిన కొనుగోలుదారు ఖాతా వంటివి మాత్రం క్రెడిట్ వైపు వస్తాయి. నిలువు వరుస ఒకటే ఉండి, గుర్తును బట్టి వైపు తేల్చే సాఫ్ట్‌వేర్లలో ప్లస్ అంటే డెబిటో క్రెడిటో నమూనా ఫైలులోని ఉదాహరణ చూసి నిర్ధారించుకోండి.

రావలసిన బాకీల దగ్గర ఒక ఉచ్చు ఉంది. ట్రయల్ బ్యాలెన్స్‌లో ‘రావలసిన బాకీలు’ 40,000 అని ఉందనుకోండి. ఆ 40,000ను ఆ ఖాతాకు ప్రారంభ నిల్వగా ఇచ్చి, మళ్లీ పార్టీల వారీగా వసూలు కాని బిల్లులన్నిటినీ దిగుమతి చేస్తే, ప్రతి బిల్లూ అదే ఖాతాలోకి చేరి నిల్వ 80,000 అవుతుంది. పైగా ఆ బిల్లులు అమ్మకాల ఖాతాను క్రెడిట్ చేస్తే, గత సంవత్సరపు ఆదాయం ఈ సంవత్సరంలోకి వచ్చిపడుతుంది. కాబట్టి రెండింటిలో ఒకటే చేయాలి. ఎవరు ఏ బిల్లు కింద ఎంత బాకీయో తెలియడం అవసరం కనుక, బిల్లుల వారీగా ఇవ్వడమే మేలు. అప్పుడు ‘రావలసిన బాకీలు’ అనే ఆ నియంత్రణ ఖాతాకు విడిగా నిల్వ ఇవ్వకూడదు, బిల్లుల ఎదురు పద్దు అమ్మకాలకు కాకుండా ప్రారంభ నిల్వల సర్దుబాటు ఖాతాకు వెళ్లాలి. చెల్లించవలసిన బాకీలకు, సరుకు నిల్వకు కూడా ఇదే నియమం వర్తిస్తుంది.

ఆ సర్దుబాటు ఖాతా, లేదా అనామతు ఖాతా, ఈ దశ మొత్తానికి మీ సాక్షి. అన్ని నిల్వలూ చేరాక అందులో సున్నా మిగలాలి. ఏదైనా మొత్తం మిగిలితే, దానిని రెండుతో భాగించి, వచ్చిన అంకె మీ పట్టికలో ఉందేమో వెతకండి; ఉంటే, ఆ నిల్వ తప్పు వైపు పడిందని అనుమానించవచ్చు. మిగిలిన మొత్తం తొమ్మిదితో నిశ్శేషంగా భాగింపబడితే, 54కు బదులు 45 అన్నట్లుగా ఎక్కడో అంకెలు తారుమారై ఉండవచ్చు. చేత్తో రాసే పుస్తకాల కాలం నాటి ఈ చిట్కాలు ఇప్పటికీ పనిచేస్తాయి.

ఎనిమిదో దశ: ఫైలును భద్రపరచడం

సాఫ్ట్‌వేర్ ఎక్సెల్ ఫైలును నేరుగా తీసుకుంటే ఈ దశలో పెద్ద పని లేదు. సీఎస్‌వీ కోరితే, ‘సేవ్ యాజ్’లో ‘సీఎస్‌వీ యూటీఎఫ్-8’ అనే రకాన్ని ఎంచుకోండి. మామూలు సీఎస్‌వీ ఎంచుకుంటే తెలుగులో రాసిన పేర్లన్నీ ప్రశ్నార్థకాలుగా మారిపోతాయి. సీఎస్‌వీలోకి తెరిచి ఉన్న ఒక్క షీట్ మాత్రమే వెళుతుంది, మిగిలిన షీట్లను విడివిడిగా భద్రపరచాలి. ఇలా తయారైన ఫైలును మళ్లీ ఎక్సెల్‌లో తెరిచి, సరిచూసి, భద్రపరచకండి: తెరవగానే ముందున్న సున్నాలు, తేదీల రూపాలు మళ్లీ మారవచ్చు. నోట్‌ప్యాడ్ వంటి సాధారణ ఎడిటర్‌లో చూస్తే ఫైలులో నిజంగా ఏముందో అదే కనిపిస్తుంది. కామా ఉన్న వివరణలు కొటేషన్ గుర్తుల మధ్య ఉన్నాయా అన్నది కూడా అక్కడే చూసుకోండి. లేకపోతే ఆ వరుసలోని గడులన్నీ ఒకటి పక్కకు జరుగుతాయి.

తొమ్మిదో దశ: కొద్దిగా ఎక్కించి చూడటం

ముందుగా సాఫ్ట్‌వేర్‌లోని మీ సంస్థ సమాచారానికి బ్యాకప్ తీసుకోండి. ప్రయోగం కోసం వేరే ఖాళీ సంస్థను సృష్టించుకునే వీలుంటే ఇంకా మంచిది. పది వరుసలకు మించని చిన్న ఫైలును ఎక్కించండి, కానీ ఆ వరుసలను తెలివిగా ఎంచుకోండి: 12 లోపు తేదీ ఒకటి, 12 దాటినది ఒకటి, మైనస్ మొత్తం, సున్నాతో మొదలయ్యే సంఖ్య, కామా ఉన్న వివరణ, పన్ను ఉన్న బిల్లు, అనేక పంక్తుల వోచర్. సులువైన వరుసలతో చేసిన పరీక్ష ఏమీ చెప్పదు.

ఫైలులోని నిలువు వరుసలను సాఫ్ట్‌వేర్‌లోని గడులతో జతపరిచే పేజీలో, అది తానుగా ఊహించిన జతలను గుడ్డిగా ఒప్పుకోకండి. ‘డేట్’ అని ఉంటే అది బిల్లు తేదీయా, గడువు తేదీయా? బ్యాంకు స్టేట్‌మెంటును దిగుమతి చేసేటప్పుడు డెబిట్, క్రెడిట్ల జతను మరింత శ్రద్ధగా చూడాలి. స్టేట్‌మెంటు బ్యాంకు పుస్తకాల దృష్టితో రాసినది కాబట్టి, అందులో క్రెడిట్‌గా ఉన్న జమ మీ పుస్తకాలలో బ్యాంకు ఖాతాకు డెబిట్ అవుతుంది. బ్యాంకు స్టేట్‌మెంటు కోసమే ఉన్న దిగుమతి పేజీలో సాఫ్ట్‌వేర్ దీనిని తానే చూసుకుంటుంది. జర్నల్ పేజీ ద్వారా ఎక్కిస్తే మీరే తిప్పాలి.

ఆ పది వరుసలనూ సాఫ్ట్‌వేర్‌లో ఒక్కొక్కటిగా తెరిచి చూశాక, అన్నీ సరిగా ఉంటే, వాటిని తొలగించి పూర్తి ఫైలును ఎక్కించండి. కొన్ని వరుసలు తిరస్కరణకు గురైతే, సాఫ్ట్‌వేర్ ఇచ్చే లోపాల నివేదికను దించుకుని, ఆ వరుసలను మాత్రమే కొత్త ఫైలులోకి తీసి, సరిచేసి, ఆ ఫైలునే ఎక్కించండి. తొందరలో మొత్తం ఫైలును మళ్లీ ఎక్కిస్తే, మొదటిసారే లోపలికి చేరిన వరుసలు రెండోసారి కూడా చేరవచ్చు. వోచర్ సంఖ్యను చూసి నకళ్లను అడ్డుకునే ఏర్పాటు అన్ని సాఫ్ట్‌వేర్లలోనూ ఉండదు.

పదో దశ: సరిచూడటం

‘విజయవంతంగా పూర్తయింది’ అన్న సందేశానికి అర్థం ఫైలు రూపం సరిగా ఉందని మాత్రమే. రెండో దశలో రాసిపెట్టుకున్న అంకెలను ఇప్పుడు తీయండి. వోచర్ల సంఖ్య, డెబిట్ మొత్తం, ప్రతి బ్యాంకు ఖాతా నిల్వ సరిపోలాలి. పార్టీల వారీ బాకీల నివేదికలోని మొత్తం, ట్రయల్ బ్యాలెన్స్‌లోని ‘రావలసిన బాకీలు’ అంకె ఒకటే కావాలి. ఆ తర్వాత నెలల వారీ అమ్మకాల నివేదికను పాత స్ప్రెడ్‌షీట్‌లోని నెలల మొత్తాలతో పోల్చండి. సంవత్సరం మొత్తం సరిపోయి, నెలల మొత్తాలు సరిపోకపోతే తేదీలు తారుమారయ్యాయని ఇక్కడే బయటపడుతుంది. ట్రయల్ బ్యాలెన్స్ ఆ తప్పును ఎప్పటికీ చూపించదు.

తేడా పెద్దదైతే ఒక్కొక్క పద్దును దిద్దుతూ కూర్చోకండి. బ్యాకప్‌ను పునరుద్ధరించి, ఫైలును సరిచేసి, మొదటినుంచి ఎక్కించడమే త్వరగా తెమిలే పని. అన్నీ సరిపోయాక, ప్రారంభ తేదీకి ముందు కాలంలో ఎవరూ మార్పులు చేయకుండా తాళం వేసే సదుపాయం ఉంటే దానిని వాడండి. దిగుమతి చేసిన ఫైలును, లోపాల నివేదికను, సరిచూపు అంకెల షీట్‌ను తేదీతో సహా ఒకే ఫోల్డర్‌లో ఉంచండి.

ప్రతి నెలా బ్యాంకు స్టేట్‌మెంటును దిగుమతి చేయబోతున్నట్లయితే, ఈసారి నిలువు వరుసలకు కుదిర్చిన జతను ఒక పేరుతో భద్రపరచుకోండి, వచ్చే నెల ఫైలు ఈ నెల చివరి తేదీ మర్నాటి నుంచి మొదలయ్యేలా చూసుకోండి. బ్యాంకు ఖాతాను సాఫ్ట్‌వేర్‌కు నేరుగా అనుసంధానించి ఉంటే, అదే కాలానికి మళ్లీ ఫైలును ఎక్కించకండి.